నాలుగో నంబరుకే బంతి

బాస్కెట్‌బాల్‌లో గుడివాడ వాళ్ళ చేతిలో తొమ్మిది పాయింట్ల తేడాతో ఓడిపోయినందుకు రెబెకాకి కోపం రాలేదు. ఓటమి ఆమెకి కొత్తేం కాదు. ఆట అయ్యాక శేషగిరి మాస్టారు టీ గ్లాసు పట్టుకుని నవ్వుకుంటూ వచ్చి అన్న మాటకి మాత్రం ఒళ్ళు మండింది.

"మీ పిల్లలు మహా మర్యాదస్తులమ్మా రెబెకా. బంతి ఎవరికి ఇస్తున్నారో ముందు మాకు చెప్పి మరీ ఇస్తారు."

"అంటే ఏంటండీ?"

"ఏముంది! మీ తొమ్మిదో నంబరు పిల్ల 'అక్కా' అంటుంది. అన్నదంటే బంతి నాలుగో నంబరుకి వెళ్తున్నట్టే. మా వాళ్ళకి ఒకటే చెప్పాను. బంతిని చూడకండే, చెవులు రిక్కించి ఆడండి అని. పదకొండుసార్లు బంతి మధ్యలో లాక్కున్నాం. కావాలంటే రాసిపెట్టాను, చూసుకో."

టీ తాగేసి, గ్లాసు పిట్టగోడ మీద పెట్టి, ఆయన తన పిల్లల్ని బస్సెక్కించుకుని గుడివాడ వెళ్ళిపోయాడు. రిటైరై తొమ్మిదేళ్ళయినా ఆ ఊళ్ళో ఆడపిల్లల కాలేజీ జట్టుని ఇప్పటికీ ఆయనే ఆడిస్తాడు. నలభై ఏళ్ళుగా జిల్లాలో ఏ కోర్టు పక్కన చూసినా ఒక కుర్చీ, ఆ కుర్చీలో ఆయన.

రెబెకా బందరులో మహిళా కాలేజీకి ఫిజికల్ డైరెక్టరు. పధ్నాలుగేళ్ళుగా కాంట్రాక్టే. ఏటా జూన్‌లో ప్రిన్సిపాల్ సంతకం పెడితే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి భోజనాల బల్ల ముందు కూర్చుని, ఎవరో పిల్ల ఫోన్‌లో తీసిన మ్యాచ్ వీడియో పెట్టుకుంది. పక్కన తెల్ల కాగితం, పెన్సిలు. భర్త శ్యాంబాబు ఆర్టీసీ డ్రైవరు. ఆరోజు డ్యూటీ లేదు. బెండకాయలు తరుగుతూ ఆయనా తొంగి చూశాడు.

తొమ్మిదో నంబరు ఏంజెల్ బంతి తట్టుకుంటూ సగం కోర్టు దాటింది యాభై రెండుసార్లు. అందులో ముప్పై తొమ్మిదిసార్లు బంతి నేరుగా నాలుగో నంబరు, కెప్టెన్ ఉమాశ్రీ చేతికి. ప్రతిసారీ ముందు "అక్కా!" అన్న కేక. కేక వినపడగానే గుడివాడ పిల్లలు ముగ్గురు ఉమాశ్రీ మీదికి దూకడం. అవతల రింగు కింద నందివాడ హేమ, అయిదడుగుల పదంగుళాల పిల్ల, చేలో దిష్టిబొమ్మలా రెండు చేతులూ చాపుకుని నిలబడే ఉంది. దాని దగ్గర ఒక్కరూ లేరు. దానికి బంతీ లేదు.

"నా బస్సు కూడా ఒకే స్టాపులో ఇన్నిసార్లు ఆగదు," అన్నాడు శ్యాంబాబు.

"నువ్వు బెండకాయలు చూసుకో బావా."

"చూస్తున్నాలే. ఆ పిల్లకి కళ్ళు లేవా?"

"కళ్ళున్నాయి. దాని కళ్ళకున్నంత చూపు ఈ జిల్లాలో ఎవరికీ లేదు. ఇదిగో, ఇక్కడ చూడు. ముందు హేమ వైపే చూసింది. చూసి, మెడ తిప్పేసుకుని అక్కకిచ్చింది. అక్క అడగనే లేదు!"

పెన్సిలు ములుకు విరిగింది.

అది ఆ కాలేజీ హాస్టల్లో పుట్టిన అలవాటు. జూనియర్లు సీనియర్ల చేతికి నీళ్ళ గ్లాసిచ్చినా, టిఫిన్ ప్లేటిచ్చినా, దువ్వెనిచ్చినా ముందు 'అక్కా' అని పిలిచి ఇవ్వాలి. పిలవకుండా చేతిలో పెడితే పొగరు. కోర్టులో బంతికీ అదే పద్ధతి. పైగా అక్క ఉండగా మధ్యలో వేరేవాళ్ళకివ్వడం అక్కని కాదనడం. ఈ సంగతి ఎవరూ ఎక్కడా రాసిపెట్టలేదు. అయినా అందరికీ తెలుసు. రెబెకాకైతే మరీ బాగా తెలుసు.

ఆమెది కోడూరు దగ్గర పల్లె. తండ్రి జ్ఞానయ్య ఆరు రోజులు రొయ్యల చెరువు గట్టు మీద కాపలా కాసి, ఏడో రోజు చర్చిలో గంట కొట్టేవాడు. ఇదే కాలేజీలో చదివింది, ఇదే కోర్టులో ఆడింది, ఏంజెల్ ఆడే చోటే. ఇరవై రెండేళ్ళ కిందట ఫైనల్లో రింగు కింద ఒంటరిగా, చేతిలో బంతితో, చుట్టూ ఎవరూ లేకుండా నిలబడి కూడా, ఇద్దరి మధ్య ఇరుక్కున్న కెప్టెన్ సీతామహాలక్ష్మికి "అక్కా" అని పిలిచి బంతి ఇచ్చింది. బంతి పోయింది, మ్యాచ్ పోయింది. యూనివర్సిటీ జట్టు జాబితాలో సీతామహాలక్ష్మి పేరుంది, రెబెకా పేరు లేదు. ఆ జాబితా రాసిన ముగ్గురిలో శేషగిరి మాస్టారు ఒకరు. సీతామహాలక్ష్మి ఆ సర్టిఫికెట్టుతో స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం తెచ్చుకుని విజయవాడలో స్థిరపడింది. రెబెకాకి దక్కింది ఒక మెచ్చుకోలు. "పెద్దా చిన్నా తెలిసిన పిల్ల" అన్నారు అందరూ.

ఏంజెల్‌ది డిగ్రీ మూడో ఏడు. ఇదే ఆఖరు. ఉమాశ్రీ నాలుగో ఏడు ఆనర్సు, ఒక్క ఏడాది పెద్ద. ఏంజెల్ తల్లి కోడూరులో రొయ్యలు వలిచే షెడ్డులో పనిచేస్తుంది. పిల్ల వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు చదువుతానంటోంది. స్పోర్ట్స్ కోటాలో సీటు రావాలంటే అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్టు కావాలి. అది రావాలంటే యూనివర్సిటీ జట్టు పన్నెండు మందిలో పేరుండాలి. ఆ పన్నెండు మందిని నెల తర్వాత గుడివాడలో జరిగే కాలేజీల టోర్నమెంటులో ఎంపిక చేస్తారు. రెబెకా లెక్కలు రాసుకున్న ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టింది. ఈసారి ఈ పిల్ల పేరు ఆ జాబితాలో ఉండి తీరాలి అనుకుంది.

మర్నాడు కోర్టులో అందరినీ నిలబెట్టి చెప్పింది. "ఈరోజు నుంచి గీత లోపల అక్కల్లేరు, చెల్లెళ్ళు లేరు. పేరు పెట్టి పిలవండి, లేదా నంబరు పెట్టి పిలవండి. 'అక్కా' అన్నవాళ్ళు కోర్టు చుట్టూ అయిదు రౌండ్లు."

ఆరోజు ఏంజెల్ ముప్పై అయిదు రౌండ్లు పరిగెత్తింది.

"ఉమా అను."

"రావట్లేదండీ."

"రెండక్షరాలు. ఉ, మా. నీ నోట్లో ఏమన్నా ముల్లు ఇరుక్కుందా?"

"ఉమ... అక్కా."

"పరిగెత్తు!"

మర్నాటికి 'అక్కా' మానేసింది. దానితోపాటు మాటే మానేసింది. కోర్టంతా శవం లేచిన ఇల్లులా అయింది. బంతి చప్పుడు తప్ప ఇంకో చప్పుడు లేదు. ఈలోగా తుపాను వచ్చి నాలుగు రోజులు కోర్టు నీళ్ళలో మునిగింది. నీళ్ళు తీశాక పిల్లలు కొబ్బరి చీపుళ్ళతో బురద ఊడుస్తుంటే, నోరు విప్పింది ఉమాశ్రీయే.

"ఒసే ఏంజెల్, నన్ను నువ్వు పిలవకపోయినా పర్లేదే. బంతి మాత్రం నేను ఖాళీగా ఉన్నప్పుడు ఇవ్వు. ముగ్గురు మీద పడుతుంటే నా మోచేతులు చూడు, కమిలిపోయాయి. నువ్వు నాకిచ్చే మర్యాద నా ప్రాణానికొచ్చింది."

హేమ అందుకుంది. "నాకూ అప్పుడప్పుడు ఇస్తే నేనూ ఈ టీమ్‌లో ఉన్నానని మా ఇంట్లో చెప్పుకుంటా."

అందరూ నవ్వారు. ఆ నవ్వుతో ఆట కాస్త కదిలింది. అయిదో రోజుకి ఏంజెల్ "ఉమా" అనగలిగింది. అన్న వెంటనే నాలిక్కరుచుకుంది. కానీ అంది.

ఆ మాట స్టాఫ్ రూముకి చేరడానికి ఒక్క పూట చాలింది.

ఉమాశ్రీ తల్లి భ్రమరాంబ అదే కాలేజీలో కామర్స్ లెక్చరరు. వాళ్ళది మూడు తరాలుగా పంతుళ్ళ కుటుంబం. గొంతు ఎప్పుడూ పెంచదు. ఇంటర్వెల్లో రెబెకా గదికొచ్చి తలుపు దగ్గరే నిలబడింది.

"రెబెకా గారూ, మీ సబ్జెక్టులో నేను కలగజేసుకోను. కానీ జూనియర్ల చేత పేరు పెట్టి పిలిపించడం ఏంటండీ? మా అమ్మాయి మనసు చిన్నబుచ్చుకుంటుంది."

"మీ అమ్మాయే పిలవమందండీ."

"అది చిన్నపిల్ల, ఏదో అంటుంది. చూసేవాళ్ళు ఏమనుకుంటారు? అందులోనూ ఆ పిల్ల చేత..."

అక్కడ ఆగింది. ఆగిన చోట ఏముందో రెబెకాకి ఎవరూ విప్పి చెప్పక్కర్లేదు. ఊరి బయట పల్లెలో పుట్టింది, ఆ ఖాళీని పుట్టిన దగ్గర్నుంచీ వింటూనే ఉంది.

"ఆ పిల్ల చేత అంటే, ఏ పిల్ల చేతండీ? పూర్తి చెయ్యండి."

"మీరు అపార్థం చేసుకుంటున్నారు."

"లేదండీ. సరిగ్గానే అర్థం చేసుకున్నాను."

రెండు రోజుల్లో మెమో వచ్చింది. ప్రిన్సిపాల్ కృపాకుమారి గారు, రెబెకా ఇద్దరూ వెళ్ళేది ఒకే చర్చికి. ఆమె ముందు బెంచీ, రెబెకా వెనక బెంచీ. అది కూడా ఎక్కడా రాసి లేదు. మెమోలో మాత్రం స్పష్టంగా రాసి ఉంది. 'క్రీడా మైదానంలో సైతం జూనియర్ విద్యార్థినులు సీనియర్లను గౌరవపూర్వకంగా సంబోధించవలెను. కెప్టెన్ హోదాకు భంగం కలుగరాదు.'

రెబెకా దాన్ని మూడుసార్లు చదివింది. మొదటిసారి చింపేద్దామనుకుంది. రెండోసారి జూన్ గుర్తొచ్చింది. మూడోసారి అందులో ఏముందో కాదు, ఏం లేదో చూసింది. సాయంత్రం కోర్టులో పిల్లలకి పైకి చదివి వినిపించింది.

"విన్నారుగా? జూనియర్లు సీనియర్లని అక్కా అనాలి. సీనియర్లు జూనియర్లని అక్కా అనకూడదని ఇందులో ఎక్కడైనా ఉందా?"

"లేదండీ," అంది ఉమాశ్రీ, విషయం అర్థంకాక.

"అయితే ఈరోజు నుంచి అందరూ అందరికీ అక్కలే. బంతి ఎటిచ్చినా అదే కేక. ఇవ్వకపోయినా అదే కేక. బంతి కావాల్సినవాళ్ళు నోరు తెరవొద్దు, అరచెయ్యి చూపించండి. ఇచ్చేది కేకని బట్టి కాదు, చేతిని బట్టి."

హేమ వెంటనే, "ఏంజెలక్కా, నీ షూ లేసు ఊడిందక్కా," అంది. ఏంజెల్ కిందికి చూసింది. లేసు ఊడలేదు. ఆ లోపు హేమ బంతి లాక్కుపోయింది.

రెండు వారాలు సాధన చేశారు. రెబెకా అరుపులకి పక్కనున్న బ్యాంకు వాళ్ళు కిటికీలు మూసుకునేవాళ్ళు. ఆమె చెప్పేది ఎప్పుడూ ఒకటే. "చూడు, తర్వాత ఇవ్వు. ఎవరు పెద్దో కాదే, ఎవరు ఖాళీగా ఉన్నారో చూడు!"

గుడివాడ టోర్నమెంటులో సెమీస్ దాకా ఇబ్బంది లేకపోయింది. ఫైనల్ శనివారం పొద్దున పదింటికి, మళ్ళీ గుడివాడ వాళ్ళతోనే. భ్రమరాంబ కూడా కూతురి ఆట చూడ్డానికి మొదటి బస్సుకే వచ్చి గొడుగు వేసుకుని కూర్చుంది.

మొదటి సగంలో శేషగిరి మాస్టారి పిల్లలు పిచ్చెక్కినట్టు తిరిగారు. నెల్రోజులుగా చెవులకి నేర్పించిన ఆట మరి. "అక్కా!" అనగానే ముగ్గురు ఉమాశ్రీ మీదికి దూకేవాళ్ళు. బంతి చూస్తే హేమ చేతిలో. హేమ తిరిగి వేసేది. మళ్ళీ "అక్కా!" ఈసారి ఏంజెలే రింగు దాకా దూసుకుపోయి రెండు పాయింట్లు. వాళ్ళ సెంటరు దుర్గ, దిమ్మెలా ఉండే పిల్ల, మాస్టారి వైపు తిరిగి గట్టిగానే అడిగింది. "సార్, వీళ్ళందరూ అక్కలేనంట, ఎవర్ని పట్టుకోమంటారు?"

"చెవులు మూసుకోండే! కళ్ళు తెరవండి!" అని ఆయన కుర్చీలోంచి లేచాడు. ఆయన లేవడం జిల్లాలో చాలామంది అదే మొదటిసారి చూశారు.

కానీ ఆయన పాతకాపు. రెండో సగంలో మనిషికి మనిషి కాపలా ఎత్తేసి, అయిదుగురినీ రింగు ముందు గూడు కట్టినట్టు నిలబెట్టాడు. ఎవరి కేక ఎటున్నా గూడు కదల్లేదు. పన్నెండు పాయింట్ల ఆధిక్యం కరిగి కరిగి నలభై నాలుగు, నలభై నాలుగు దగ్గర నిలిచింది. ఇంకా పధ్నాలుగు సెకన్లు. బంతి బందరు వాళ్ళది. రెబెకా టైమౌట్ అడిగింది.

సెలక్షన్ ఎలా జరుగుతుందో ఆమెకి తెలుసు. స్కోర్ షీట్ ముందేసుకుని ఎవరు ఎన్ని పాయింట్లు వేశారో కూడి, పైనుంచి పన్నెండు పేర్లు రాస్తారు. బంతి ఇచ్చినవాళ్ళకి ఆ షీట్లో గడి లేదు. ఉమాశ్రీకి ఇరవై, హేమకి పదమూడు. ఏంజెల్‌కి అయిదు.

"ఏంజెల్, ఇది నువ్వే వెయ్యాలి. ఏమైనా సరే నువ్వే. వింటున్నావా? ఎవరికీ ఇవ్వకు."

ఏంజెల్ తలూపింది. బంతి తట్టుకుంటూ వచ్చింది, ఎడమకి ఒరిగింది, కుడికి తిరిగి గూట్లోకి చొరబడింది. రింగు ముందు దుర్గ, పక్కనుంచి ఇంకొక పిల్ల, ఇద్దరూ గోడలా లేచారు. ఏంజెల్ గాల్లోకి ఎగిరింది. గాల్లోనే నోరు విప్పకుండా బంతిని ఎడమ మూలకి విసిరింది. అక్కడ ఉమాశ్రీ ఒక్కతే ఉంది, అరచెయ్యి చూపిస్తూ. పట్టుకుంది, వేసింది, పడింది.

నలభై ఆరు, నలభై నాలుగు.

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి కేకలు పెడుతుంటే రెబెకా ఏంజెల్ జబ్బ పట్టుకుని పక్కకి లాగింది. "నేనేం చెప్పాను? నిన్ను కదా వెయ్యమన్నాను!"

"నా మీద ఇద్దరున్నారండీ. ఉమ ఖాళీగా ఉంది."

పిల్ల భయంతో ఇవ్వలేదు, మర్యాదకీ ఇవ్వలేదు. చూసి ఇచ్చింది. తను నెల్రోజులు గొంతు చించుకుని నేర్పింది అదే. ఇప్పుడు ఏమని తిడుతుంది? జబ్బ వదిలేసింది. కోపం మాత్రం చేతిలోనే ఉండిపోయింది.

పన్నెండున్నరకి షామియానా కింద బల్ల మీదికి బిర్యానీ ప్యాకెట్లు వచ్చాయి. వాటి పక్కనే జాబితా. యూనివర్సిటీ క్రీడల సెక్రటరీ, శేషగిరి మాస్టారు, ఇంకో కాలేజీ ఆయన కలిసి రాసింది. మొదటి పేరు ఉమాశ్రీ. ఆరోది హేమ. పన్నెండోది గుడివాడ జట్టులో సువర్ణ. కింద స్టాండ్‌బై రెండు పేర్లు. ఏంజెల్ పేరు వాటిలో కూడా లేదు.

"ఫైనల్ ఆడిన రెండు టీముల పీడీలూ సంతకం పెట్టేస్తే ప్రైజులిచ్చేసుకుందాం," అన్నాడు సెక్రటరీ, పెన్ను అందిస్తూ.

"నేను పెట్టను."

"అదేంటి మేడం! మీ టీమే గెలిచింది. మీవి రెండు పేర్లున్నాయి."

రెబెకా ఫోన్ తీసి ఆయన ముందు పెట్టింది. "ఈ టోర్నమెంటుకి మీరు పంపిన సర్క్యులర్. ఏడో పాయింటు చదవండి. 'ట్రయల్స్ నిర్వహించి జట్టు ఎంపిక చేయబడును.' ఏవండీ ట్రయల్స్? ఎప్పుడు జరిగాయి? నేను టీకి వెళ్ళినప్పుడా?"

"అది ప్రతి ఏడూ రాస్తాం మేడం. ఫార్మాలిటీ."

"నా సంతకం కూడా ఫార్మాలిటీయే కదా. మరి దానికోసం ఎందుకు చూస్తున్నారు?"

"బిర్యానీ చల్లారిపోతుందండీ."

"చల్లారనివ్వండి!"

ఆ గొంతుకి షామియానా అంతా ఇటు తిరిగింది. ఎవరు కబురు చేశారో గాని, అయిదు నిమిషాల్లో బందరు నుంచి ప్రిన్సిపాల్ ఫోన్ వచ్చింది. "రెబెకా, గెలిచాం కదా, గొడవ దేనికి? సంతకం పెట్టేసి వచ్చెయ్యి." "ట్రయల్ అవగానే పెడతానండీ," అని రెబెకా ఫోన్ పెట్టేసింది. భ్రమరాంబ గొడుగు మడిచి దగ్గరికొచ్చింది. "మా అమ్మాయి పేరు వచ్చిందిగా. మధ్యలో మీకేంటండీ బాధ? దాని అవకాశం పోగొడతారా?"

జవాబు ఉమాశ్రీ చెప్పింది, నోట్లో ఐసుముక్క చప్పరిస్తూ. "అమ్మా, ఏంజెల్ రాకపోతే అక్కడ నాకు బంతి ఎవరిస్తారు? ఆ లిస్టు చూడు. పన్నెండు మందీ వేసేవాళ్ళే. ఇచ్చేది ఒక్కతీ లేదు. తెల్లమొహం వేసుకుని తిరిగొస్తా."

"నువ్వు ఊరుకో."

"నేనెందుకూరుకుంటా? ఆడేది నేను."

శేషగిరి మాస్టారు అప్పటిదాకా జాబితా వైపే చూస్తున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "మేం ఎవరివల్ల ఓడిపోయామో నాకు తెలుసమ్మా రెబెకా. ఆ తొమ్మిదో నంబరు వల్ల."

రెబెకాకి అప్పుడు వచ్చిన కోపం ముందు, నెలంతా వచ్చిన కోపం ఏ లెక్కలోకీ రాదు. "తెలుసా? తెలిసి కూడా రాయలేదా?"

"షీట్లో అయిదే ఉన్నాయి. నలభై ఏళ్ళుగా షీట్ చూసే రాస్తున్నాం."

"నలభై ఏళ్ళలో ఎంతమంది పిల్లలండీ? తెలిసి వదిలేసినవాళ్ళు? నేనూ ఉన్నాను అందులో. నన్నూ తెలిసే వదిలేశారా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. మెళ్ళో ఈల చేతిలోకి తీసుకుని సెక్రటరీ వైపు తిరిగాడు. "ఇరవై నిమిషాలు. అన్ని కాలేజీల నుంచి ఇరవై మందిని దించండి. తిని మాత్రం ఏం చేస్తాం, కునుకు తీస్తాం."

అలా మిట్టమధ్యాహ్నం, ఖాళీ కడుపులతో, పొద్దున ఒక మ్యాచ్ ఆడి అలిసిన పిల్లలతో ట్రయల్ జరిగింది. మొదటి పది నిమిషాలు చూడ్డానికే చిరాకు. ఎవరికి బంతి దొరికితే వాళ్ళే రింగు వైపు విసిరేస్తున్నారు, ఎంత దూరం నుంచైనా సరే. పదకొండో నిమిషంలో ఏంజెల్‌ని దించారు. ఆ జట్టులో ఆమె కాలేజీ పిల్ల ఒక్కతీ లేదు.

"పద్నాలుగూ, వెనక్కి! ఎనిమిదీ, మూలకి పో! దుర్గా, ఉండు, ఉండు, ఇప్పుడు!"

పొద్దున తనని గోడలా అడ్డుకున్న దుర్గకి నాలుగు బంతులు ఇచ్చింది. నాలుగూ పడ్డాయి. మూలన నిలబడ్డ ఎవరో ఎనిమిదో నంబరుకి రెండిచ్చింది. తను ఒక్కటీ వెయ్యలేదు. ఈల మోగాక దుర్గ చెమట తుడుచుకుంటూ బల్ల దగ్గరికొచ్చి, "సార్, ఈ పిల్లని మాతో పంపించండి సార్. జీవితంలో ఇంత సుఖంగా ఎప్పుడూ ఆడలేదు," అంది.

మాస్టారు పెన్ను తీశాడు. ఉన్నవి పన్నెండు చోట్లే. ఆయన తన జట్టు పిల్ల సువర్ణ పేరు మీదే గీత కొట్టి, పక్కన 'ఏంజెల్' అని రాశాడు. రెబెకా వంగి చూసి, ఇంటిపేరు, పుట్టిన తేదీ, రిజిస్టరు నంబరు దగ్గరుండి రాయించింది. ఫోన్‌లో ఫోటో తీసింది. గుడివాడలో రాసిన జాబితా బందరులో యూనివర్సిటీ ఆఫీసు చేరేసరికి మారిపోవడం ఆమె ఎరుగును. సంతకం పెడదామని పెన్ను తీసుకుంటుంటే వెనక ఎవరో నిలబడ్డారు.

సువర్ణ. ముక్కు పుటాలు అదురుతున్నాయి.

"మేడం, నేను మీకేం చేశానండీ?"

సెమీస్‌లో ఈ పిల్ల పధ్నాలుగు పాయింట్లు వేసింది. ట్రయల్లో ఆమెకి దొరికింది ఏడు నిమిషాలు, బంతి చేతికందింది రెండుసార్లు. ఏంజెల్ కంటే తక్కువ ఆటగత్తె అనుకుంటే అనుకోవచ్చు. ఏడు నిమిషాల్లో తేలే విషయం మాత్రం కాదది.

"నువ్వేం చెయ్యలేదమ్మా. నీ పేరు కొట్టించింది నేనే. అడిగే హక్కు నీకుంది."

"మరి?"

"మూడు రోజుల టోర్నమెంటు. మొదటి రోజే ట్రయల్ పెట్టి ఉంటే నీ ఆట నిదానంగా చూసేవాళ్ళు. పెట్టలేదు. నేను కూడా నా పిల్ల పేరు లేదని తెలిశాకే అరిచాను. పొద్దున్నే అరవాల్సింది."

సువర్ణ నమ్మిందో లేదో, మొహం తిప్పుకుని వెళ్ళి మెట్ల మీద కూర్చుని బూట్లు విప్పుకుంది. దుర్గ వెళ్ళి పక్కన కూర్చుంది.

రెబెకా బల్ల వైపు తిరిగింది. సంతకం పెట్టింది. పెట్టి పెన్ను ఇవ్వలేదు. సంతకం కింద మార్జిన్లో రాయడం మొదలుపెట్టింది. 'ఈ ఎంపికకు ముందు నిబంధన ప్రకారం ట్రయల్స్ జరపలేదు. నేను అడిగిన మీదట, ఫైనల్ తర్వాత ఇరవై నిమిషాలు మాత్రమే జరిపారు. గుడివాడ జట్టు క్రీడాకారిణి సువర్ణకు తగిన అవకాశం ఇవ్వలేదు. ఆమెను పదమూడో క్రీడాకారిణిగా శిక్షణ శిబిరానికి పిలిచి చూడవలెను.'

సెక్రటరీ కాగితం లాక్కోబోయాడు. "మేడం, అక్కడ రాయకూడదు. అది ఆఫీసు ఫైలు. పైవాళ్ళు చూస్తే మీ రెన్యువల్‌కే ఇబ్బంది."

"చూడాలనే రాస్తున్నాను. చెయ్యి తియ్యండి, ఇంకో వాక్యం ఉంది."

శేషగిరి మాస్టారు కాగితం అంచు కదలకుండా తన వేలితో నొక్కి పట్టుకున్నాడు. ఆమె రాయడం పూర్తయ్యాక పెన్ను అడిగి తీసుకుని, ఆ రాత కింద తనూ సంతకం పెట్టాడు.

రెబెకా దానికి కూడా ఫోటో తీసింది. ఆయనకి థాంక్స్ చెప్పలేదు. పిల్లలు ఆకలి మీదున్నారు, బందరు బస్సుకి ఇంకా ముప్పావుగంటే ఉంది. చల్లారిన బిర్యానీ ప్యాకెట్లు పది లెక్కపెట్టి తీసుకుని, ఇంకొకటి మెట్ల మీద సువర్ణ పక్కన పెట్టి, పిల్లల్ని వెంటబెట్టుకుని బస్టాండు వైపు నడిచింది.